పొట్ట లోపలి ప్రెషర్ ప్రమాదకరంగా పెరిగితే: ఎలా కొలవాలి, ఎలా తగ్గించాలి

మూత్రం తగ్గింది. గంటకు ఇరవై ఎంఎల్ కూడా రావట్లేదు. బీపీ కొంచెం తక్కువ. ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్ "ఐదొందలు ఆర్‌ఎల్ పోనివ్వండి" అంటారు. ఆర్‌ఎల్ అంటే సెలైన్ లాంటి డ్రిప్ ద్రవం. పోనిస్తాం. రెండు గంటల తర్వాత మళ్ళీ అదే ఫోన్, అదే జవాబు. తెల్లారేసరికి నాలుగు లీటర్లు ఒంట్లోకి వెళ్ళి ఉంటాయి, యూరిన్ బ్యాగ్‌లో మాత్రం అడుగున కాసిని నీళ్ళు. వెంటిలేటర్ అలారం ఆగకుండా మోగుతుంటుంది. పొట్ట డప్పులా బిగిసి ఉంటుంది. రౌండ్స్‌కు వచ్చినవాళ్ళు "కిడ్నీలు పోయాయి, డయాలసిస్‌కు చూడండి" అని రాసి వెళ్తారు.

ఇలాంటి రాత్రులు నేను చాలా చూశాను. వాటిలో కొన్నింట కిడ్నీకి సొంతంగా ఏ జబ్బూ లేదు. పొట్టలోని ఒత్తిడి దాన్ని నొక్కి పట్టింది. మేం పోసిన సెలైన్ ఆ ఒత్తిడిని ఇంకొంచెం పెంచింది. ఆ యూరిన్ బ్యాగ్ గొట్టంతోనే, పది నిమిషాల్లో, పెద్ద ఖర్చు లేకుండా విషయం తేల్చుకోవచ్చని అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఐసీయూల్లో పనిచేసే స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు, డ్యూటీ డాక్టర్ల కోసం. ఇంట్లో అన్నం తిన్నాక వచ్చే ఉబ్బరం, గ్యాస్ సంగతి కాదిది. ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ళ సంగతి.

లోపల ఏం జరుగుతుంది

సైకిల్ ట్యూబుకు పంపుతో గాలి కొట్టిన అనుభవం గుర్తు తెచ్చుకోండి. మొదటి పది పదిహేను దెబ్బలు తేలిగ్గా దిగుతాయి. ట్యూబు నిండాక ఒక్కో దెబ్బకూ చేతులు నొప్పెడతాయి. పొట్ట కూడా అంతే. గోడలు సాగినంతవరకు లోపల ఎంత నీరు, ఎంత వాపు చేరినా ఒత్తిడి పెద్దగా పెరగదు. సాగే హద్దు దాటాక మరో పావు లీటరు చేరినా అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది. సాయంత్రం బాగున్న మనిషి అర్ధరాత్రికి ఎందుకు దిగజారాడన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

ఒత్తిడికి ముందు లొంగేవి సిరలు. వాటి గోడలు పలచన. కిడ్నీ నుంచి బయటికి వచ్చే సిర నలిగితే మూత్రం తగ్గుతుంది. కాళ్ళ నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర నలిగితే గుండెకు చేరే రక్తం తగ్గి బీపీ పడుతుంది. డయాఫ్రమ్ పైకి జరుగుతుంది, ఊపిరితిత్తులకు చోటు చాలదు, వెంటిలేటర్ మీద ప్రెషర్లు ఎగబాకుతాయి. పేగులకు రక్తం తగ్గితే పేగు గోడ ఇంకా వాస్తుంది. ఆ వాపుతో ఒత్తిడి మరింత పెరుగుతుంది. తలకు దెబ్బ తగిలిన మనిషైతే మెదడులోని ప్రెషర్ కూడా పెరుగుతుంది.

మొదటి పని: ఎవరికి కొలవాలో తేల్చుకోండి

ఐసీయూలో చేరిన ప్రతివాళ్ళకూ అక్కర్లేదు. కింద చెప్పినవాటిలో రెండు కలిసి కనిపిస్తే మాత్రం చేరిన రోజునే ఒకసారి కొలిచి రాసిపెట్టండి.

తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు). పొట్టకు పెద్ద దెబ్బ, పెద్ద ఆపరేషన్, ముఖ్యంగా లోపల రక్తస్రావమై గోడను బిగించి కుట్టాల్సి వచ్చిన ఆపరేషన్. ఒళ్ళు ఎక్కువ భాగం కాలినవాళ్ళు. సెప్సిస్‌తో, అంటే ఒళ్ళంతటినీ దెబ్బతీసే ఇన్ఫెక్షన్‌తో, షాక్‌లో ఉండి ఒక్కరోజులోనే లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కినవాళ్ళు. ఎక్కువ రక్తం ఎక్కించినవాళ్ళు. పేగులు కదలక ఉబ్బిపోయినవాళ్ళు. లివర్ జబ్బుతో పొట్టలో నీరు చేరినవాళ్ళు. వెంటిలేటర్ మీద పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ఒత్తిడి) పదికి పైన ఉన్నవాళ్ళు.

మన దగ్గర వానాకాలంలో ఇంకో గుంపు చేరుతుంది: డెంగీ షాక్‌తో వచ్చే పిల్లలు. ప్లాస్మా రక్తనాళాల్లోంచి కారి పొట్టలో, ఛాతీలో చేరుతుంది. ఆ కారడం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. ఆగిన తర్వాత కూడా డ్రిప్ అదే వేగంతో పోతుంటే పొట్ట ఉబ్బుతుంది, ఊపిరి బరువవుతుంది. పిల్లల పొట్ట ఉబ్బరాన్ని "డెంగీలో ఇది మామూలే" అని వదిలెయ్యకండి.

పొట్టకు ఏ జబ్బూ లేకుండా కూడా ఇది వస్తుందని గుర్తుంచుకోండి. కాళ్ళు చేతులు మాత్రమే కాలిన మనిషికి, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్‌తో షాక్‌లోకి వెళ్ళిన మనిషికి కూడా మనం పోసిన నీళ్ళవల్లే పొట్ట బిగిసిపోవచ్చు. పొట్ట మీద గాయం లేదు కాబట్టి అటువైపు ఎవరూ చూడరు. ఆలస్యం జరిగేది అక్కడే.

చేత్తో నొక్కి తెలుసుకోలేరు

పొట్ట నొక్కి "మెత్తగానే ఉంది" అనుకోవడం మనందరికీ అలవాటు. అనుభవమున్న సర్జన్ల చేత పొట్ట నొక్కించి, వాళ్ళ అంచనాను అసలు కొలతతో పోల్చి చూసిన పరిశోధనలున్నాయి. ప్రెషర్ పెరిగిన రోగుల్లో దాదాపు సగం మందిని వాళ్ళ చేతులు పసిగట్టలేకపోయాయి. నడుం చుట్టూ టేపు పెట్టి కొలిస్తే ఉబ్బరం పెరుగుతోందో లేదో తెలుస్తుంది గానీ, ప్రెషర్ ఎంతో తెలియదు. సాగే పొట్టలో ఐదు లీటర్ల నీరున్నా ప్రెషర్ తక్కువే ఉండొచ్చు. బిగువైన పొట్టలో కొద్దిపాటి వాపుకే ఎక్కువ కావొచ్చు. స్కాన్‌తో కూడా ఇది తేలదు. కొలవాల్సిందే.

కొలవడం: ఫోలీ గొట్టమే సాధనం

ఫోలీ అంటే మూత్రాశయంలోకి వేసి యూరిన్ బ్యాగ్‌కు కలిపే గొట్టం. మూత్రాశయం పలచని సంచి. పొట్టలో ఎంత ఒత్తిడి ఉంటే దాని లోపలి నీటిలోనూ దాదాపు అంతే ఉంటుంది. 1984లో అమెరికాలో క్రాన్ అనే సర్జన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని రోగుల మీద వాడి, అంకె పెరిగినప్పుడు పొట్ట తిరిగి తెరవాలని చెప్పారు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్నే కొద్ది మార్పులతో పాటిస్తోంది.

ట్రాన్స్‌డ్యూసర్ (ఒత్తిడిని మానిటర్ మీద చూపించే సాధనం) ఉన్న ఐసీయూలో ఆర్టీరియల్ లైన్‌కు వాడే సెట్టే దీనికీ సరిపోతుంది. లేనిచోట సీవీపీ మానోమీటర్, అంటే గుండె దగ్గరి పెద్ద సిరలో ఒత్తిడిని (సీవీపీ) కొలిచే అంకెల నీటి గొట్టం, చాలు. దాన్నే వివరంగా చెబుతాను. చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో దొరికేది అదే.

సిద్ధం చేసుకోవాల్సినవి: స్టెరైల్ గ్లవ్స్, స్పిరిట్ దూది, స్టెరైల్ నార్మల్ సెలైన్, యాభై ఎంఎల్ సిరంజి, త్రీవే (మూడు దారుల చిన్న కుళాయి), సీవీపీ మానోమీటర్, పద్దెనిమిదో నంబరు సూది, గొట్టం మూసే క్లాంప్. యూరిన్ బ్యాగ్ గొట్టం మీద శాంపిల్ తీసే రబ్బరు పోర్టు ఉంటే పని తేలిక. కొనేటప్పుడే పోర్టున్న బ్యాగ్ తెప్పించమని స్టోర్స్‌లో అడగండి. పోర్టు లేకపోతే ఫోలీని ప్రతిసారీ ఊడదీసి తగిలించాల్సి వస్తుంది, ఇన్ఫెక్షన్ లోపలికి పోవడానికి అది దారి.

ఇప్పుడు వరుసగా చేయండి.

మనిషిని వెల్లకిలా, పూర్తిగా చదునుగా పడుకోబెట్టండి. తల కింద మంచం ముప్ఫై డిగ్రీలు ఎత్తి ఉంటే అంకె ఉన్నదానికంటే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. ట్యూబ్ ఫీడ్ నడుస్తుంటే ముందు ఆపండి. చదునుగా పడుకోబెడితే ఊపిరి అందని మనిషైతే, ఏ కోణంలో కొలిచారో రాసి, ప్రతిసారీ అదే కోణంలో కొలవండి.

మూత్రాశయాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వండి. గొట్టం ఎక్కడా మెలిపడలేదని, గడ్డలు అడ్డం పడలేదని చూడండి. తర్వాత పోర్టుకు అవతల, అంటే బ్యాగ్ వైపు, క్లాంప్ వెయ్యండి.

పోర్టును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. సూది గుచ్చి త్రీవేకి కలపండి. త్రీవేకి ఒక వైపు సిరంజి, ఇంకో వైపు మానోమీటర్. గొట్టాల్లో గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. సూది పని కాబట్టి మీ వేళ్ళు జాగ్రత్త.

పెద్దవాళ్ళకు మూత్రాశయంలోకి ఇరవై ఐదు ఎంఎల్ సెలైన్ మించి పంపకండి. పాత పుస్తకాల్లో యాభై, వంద అని ఉంటుంది. అంత పోస్తే మూత్రాశయం గోడే బిగిసి అంకెను పెంచి చూపిస్తుంది. పిల్లలకు కిలోకు ఒక ఎంఎల్ లెక్క, మూడుకు తగ్గకుండా, ఇరవై ఐదుకు మించకుండా. మానోమీటర్ నుంచి దిగే నీరు కూడా ఈ లెక్కలోదే. సెలైన్ మరీ చల్లగా ఉంటే మూత్రాశయం ముడుచుకుంటుంది, గది వేడిలో ఉన్నది వాడండి.

సున్నా ఎక్కడ పెట్టాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. చంక మధ్య నుంచి కిందికి గీత గీసినట్టు ఊహించుకోండి. నడుం పక్కన తుంటి ఎముక పై అంచు తగిలే చోట ఆ గీత ఎక్కడ కలుస్తుందో అక్కడ మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టండి. మానోమీటర్ సున్నా సరిగ్గా ఆ ఎత్తుకు రావాలి. తర్వాతి షిఫ్ట్ వాళ్ళు కూడా అదే గుర్తు వాడాలి. ఒకరు ఇక్కడ, ఇంకొకరు రెండంగుళాలు పైన సున్నా పెడితే రోగిలో ఏ మార్పూ లేకుండానే చార్టులో అంకె ఎగిరెగిరి పడుతుంది.

మానోమీటర్ గొట్టాన్ని పైవరకు సెలైన్‌తో నింపి, త్రీవేని మూత్రాశయం వైపు తిప్పండి. నీటి మట్టం దిగుతూ వచ్చి ఒకచోట నిలబడి, ఊపిరితో పాటు మెల్లగా పైకీ కిందికీ ఆడుతుంది. ముప్ఫై సెకన్ల నుంచి ఒక నిమిషం ఆగండి, మూత్రాశయం సర్దుకుంటుంది. ఊపిరి పూర్తిగా బయటికి వదిలిన క్షణంలో మట్టం ఎక్కడుందో అది రాయండి. మనిషి దగ్గుతున్నా, మూలుగుతూ పొట్ట బిగిస్తున్నా, వెంటిలేటర్‌తో పెనుగులాడుతున్నా ఆ అంకె పనికిరాదు. నొప్పి తగ్గించి మళ్ళీ కొలవండి.

లైన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి బొడ్డు కింద మెల్లగా ఒకసారి నొక్కండి. మట్టం వెంటనే లేచి, చెయ్యి తీయగానే దిగాలి. కదలకపోతే ఎక్కడో అడ్డుంది.

పని అయ్యాక క్లాంప్ తీయడం మరవకండి. మరిచిపోతే రెండు గంటలు మూత్రం రాలేదని కంగారు పడతాం, ఇది జరిగింది కూడా. పోసిన ఇరవై ఐదు ఎంఎల్‌ను ఆ గంట మూత్రం లెక్కలోంచి తీసెయ్యండి.

మూత్రాశయం చిట్లిన మనిషికి, దానికి ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళకు ఇలా కొలవకూడదు. కటి ఎముకలు విరిగి అక్కడ రక్తం గూడుకట్టినవాళ్ళలో అంకె తప్పుదారి పట్టించవచ్చు.

సెంటీమీటర్లు వేరు, మిల్లీమీటర్లు వేరు

మానోమీటర్‌లో కనిపించేది నీటి సెంటీమీటర్లు. వైద్యులు మాట్లాడేది పాదరసం మిల్లీమీటర్లలో. నీటి అంకెను 1.36తో భాగించాలి. పదహారు సెంటీమీటర్లంటే సుమారు పన్నెండు మిల్లీమీటర్లు. ఇరవై అంటే పదిహేను. ఇరవై ఏడు అంటే ఇరవై. ముప్ఫై నాలుగు అంటే ఇరవై ఐదు. ఈ నాలుగు జతల్నీ కాగితం మీద రాసి మానోమీటర్ స్టాండుకు అతికించండి. ఒకసారి మా దగ్గర చార్టులో ఒట్టి "24" అని రాసి ఉంది. చదివిన సర్జన్ మిల్లీమీటర్లనుకుని థియేటర్ సిద్ధం చెయ్యమన్నారు. అది నీటి సెంటీమీటర్లు, అంటే పదిహేడు, పద్దెనిమిది మిల్లీమీటర్లు. అంకె పక్కన ప్రమాణం రాయకపోతే ఆ అంకె రాయనట్టే.

అంకెను ఎలా చదవాలి

జబ్బుతో పడుకున్న పెద్దవాళ్ళలో ఐదు నుంచి ఏడు మిల్లీమీటర్లు మామూలు. బాగా లావుగా ఉన్నవాళ్ళలో, గర్భిణుల్లో మొదటినుంచే కొంత ఎక్కువ ఉంటుంది. పన్నెండు, అంతకుమించి అలాగే నిలబడితే ప్రెషర్ పెరిగినట్టు. పన్నెండు నుంచి పదిహేను మొదటి గ్రేడ్, పదహారు నుంచి ఇరవై రెండోది, ఇరవై ఒకటి నుంచి ఇరవై ఐదు మూడోది, ఆపైన నాలుగోది. ఈ రంగంలోని వైద్యుల అంతర్జాతీయ సంఘం 2013లో సవరించిన లెక్కలివి.

అంకె ఇరవై దాటి నిలబడి, దానితో పాటు కొత్తగా ఏదైనా అవయవం దెబ్బతింటే, అంటే మూత్రం ఆగిపోవడమో, ఊపిరి కష్టమవడమో, బీపీ మందుల డోసు పెరుగుతూ పోవడమో జరిగితే, దాన్ని అబ్డామినల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఇక గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. పిల్లల్లో హద్దు ఇంకా తక్కువ: పది దాటి, కొత్తగా అవయవం దెబ్బతింటే చాలు. పిల్లవాడికి పద్నాలుగు చూసి "ఇరవై దాటలేదు కదా" అని ఊరుకోవద్దు.

ఒక్కసారి వచ్చిన అంకెతో నిర్ణయం తీసుకోకండి. పన్నెండు దాటినవాళ్ళకు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, దిగజారుతున్నవాళ్ళకు ఇంకా తరచుగా కొలవండి.

ఇంకో చిన్న లెక్క చేసుకోండి. సగటు బీపీలోంచి పొట్ట ప్రెషర్ తీసేస్తే పొట్టలోని అవయవాలకు రక్తాన్ని తోసే బలం ఎంతో తెలుస్తుంది. బీపీ 90/60 అయితే సగటు 70. పొట్టలో 22 ఉంటే మిగిలేది 48. అరవై దాకా ఉండాలని చాలామంది చూస్తారు. మానిటర్ మీద బీపీ ఫర్వాలేదనిపించే మనిషికి కిడ్నీ ఎందుకు ఎండుతోందో ఈ తీసివేతతో అర్థమవుతుంది.

సీవీపీని నమ్మి మోసపోకండి. పొట్ట ఒత్తిడిలో దాదాపు సగం ఛాతీలోకి పాకుతుంది. సీవీపీ పదహారు చూపించినా రక్తనాళాలు నిండుగా లేకపోవచ్చు. కాళ్ళు ఎత్తి బీపీ పెరుగుతుందేమో చూసే పరీక్ష కూడా పొట్ట బిగిసినప్పుడు తప్పు చెబుతుంది, కాళ్ళ రక్తం పైకి రావాల్సిన దారే నలిగి ఉంది కదా. ఎకో చేయగలవాళ్ళుంటే గుండె ఎంత నిండుతోందో దానితో చూసుకోవడం మేలు.

తగ్గించడం: ముందు ట్యూబులు, భంగిమ, నొప్పి

పన్నెండు దాటగానే ఈ పనులు మొదలుపెట్టండి. ఇరవై కోసం ఎదురు చూడకండి.

రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి జీర్ణాశయంలోకి వేసే గొట్టం) వేసి తెరిచి ఉంచండి, లేదా సన్నగా సక్షన్ పెట్టండి. పొట్టలో పేరుకున్న గాలి, ద్రవం బయటికి వస్తే ఒక్కోసారి అంతటితోనే రెండు మూడు మిల్లీమీటర్లు దిగడం చూశాను. ట్యూబ్ ఉంది కదా అని ఊరుకోకుండా, అది పనిచేస్తోందో లేదో సిరంజితో లాగి చూడండి. కింది నుంచి ఫ్లాటస్ ట్యూబ్ (గ్యాస్ బయటికి పోయే గొట్టం), అవసరమైతే ఎనిమా. ఫీడ్ తగ్గించండి, అంకె పెరుగుతూ పోతుంటే ఆపండి. పేగుల కదలికకు మెటోక్లోప్రమైడ్, ఎరిత్రోమైసిన్ లాంటివి డాక్టర్ రాస్తారు. పెద్దపేగు బాగా ఉబ్బి, మామూలు ఉపాయాలకు లొంగకపోతే నియోస్టిగ్మిన్ ఇస్తారు. పేగుకు అడ్డంకి గానీ చిల్లు గానీ లేదని తేల్చుకున్నాకే ఇవ్వాలి. గుండె వేగం పడిపోవచ్చు కాబట్టి మానిటర్ తగిలించి, అట్రోపిన్ సిరంజిలో నింపి పక్కన పెట్టుకోవాలి.

నొప్పితో, కంగారుతో పొట్ట కండరాలు బిగిస్తున్న మనిషికి నొప్పి మందు, మత్తు సరిపడా అందాయో లేదో చూడండి. వెంటిలేటర్ మీద ఉండి, అయినా ప్రెషర్ దిగకపోతే కండరాలు వదులయ్యే మందు కొద్ది గంటలపాటు వాడవచ్చు. బిగువుగా కట్టిన డ్రెస్సింగులు, పొట్ట బెల్టులు విప్పండి. తల వైపు ఎత్తాలనుకుంటే నడుం దగ్గర మడవకుండా, మంచం మొత్తాన్ని ఏటవాలుగా వంచండి. నడుం మడత పడితే పొట్ట నలుగుతుంది. ఛాతీ, పొట్ట చుట్టూ లోతుగా కాలి చర్మం చెప్పులా గట్టిపడినవాళ్ళకు ఆ చర్మాన్ని కోసి వదులు చేస్తే ప్రెషర్ దిగుతుంది, సర్జన్‌ను వెంటనే పిలవండి.

సెలైన్ దగ్గర ఆగి ఆలోచించాలి

ఇంతవరకు చెప్పినవన్నీ చేసి, డ్రిప్ మాత్రం అలాగే పోనిస్తే ఫలితం ఉండదు. షాక్‌లో మొదటి గంటల్లో ద్రవం కావాలి, అందులో సందేహం లేదు. ఆ గంటలు దాటాక వేసే ప్రతి సీసాకూ ఒక కారణం ఉండాలి. "మూత్రం రావట్లేదు" అన్నది ఒక్కటే ఆ కారణం కాకూడదు.

పాంక్రియాటైటిస్‌లో ఈ విషయం మీద 2022లో ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఇండియా, ఇటలీ, మెక్సికో, స్పెయిన్ ఆసుపత్రుల్లో కొందరికి ద్రవాలు జోరుగా, కొందరికి మితంగా ఇచ్చి చూశారు. జోరుగా ఇచ్చినవాళ్ళలో వందకు ఇరవై మందికి నీరు ఎక్కువై ఇబ్బంది పడ్డారు, మితంగా ఇచ్చినవాళ్ళలో ఆరుగురికి. జబ్బు తగ్గడంలో మాత్రం లాభమేమీ కనపడలేదు. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. "పాంక్రియాటైటిస్ అంటే నీళ్ళు బాగా పొయ్యాలి" అని మాకు చదువుకున్న రోజుల్లో చెప్పినమాట ఇప్పుడు మార్చుకోవాలి. కాలినవాళ్ళలో కూడా ఇరవై నాలుగు గంటల్లో కిలోకు 250 ఎంఎల్ దాటితే ఈ ప్రమాదం బాగా పెరుగుతుంది.

కాబట్టి ఇన్‌టేక్, అవుట్‌పుట్ చార్టును రోజువారీగానే కాక, చేరినప్పటినుంచి మొత్తంగా కూడండి. యాంటీబయోటిక్ కలిపే వంద ఎంఎల్ సీసాలు, లైన్ ఫ్లష్‌లు, అన్నీ కలపండి, అవి కూడినప్పుడు లీటరు దాటుతాయి. బీపీ నిలబడ్డాక, మూడో రోజుకల్లా మొత్తం లెక్క పెరగడం ఆగి సున్నా వైపు రావాలన్నది లక్ష్యం. బీపీ కోసం ఇంకో బాటిల్ వేసే బదులు నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టడం చాలాసార్లు మంచి దారి. షాక్ తగ్గినవాళ్ళలో ల్యాసిక్స్‌తో, మూత్రం రానివాళ్ళలో డయాలసిస్‌తో అదనపు నీరు తీస్తారు. డెంగీలో కారడం ఆగిన సూచనలు, అంటే పల్స్ బలంగా కొట్టడం, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) దిగడం, ఆకలి వేయడం కనిపించగానే డ్రిప్ తగ్గించి ఆపడమే వైద్యం.

వెంటిలేటర్ గురించి ఒక్కమాట. ప్రెషర్లు పెరిగితే తప్పంతా ఊపిరితిత్తులదే అనుకోకండి, కింది నుంచి పొట్ట తోస్తోంది. చిన్న శ్వాసలే ఇస్తూ, పీప్‌ను జాగ్రత్తగా చూసుకుంటూ, అసలు పని పొట్ట దగ్గర చెయ్యాలి.

సూదితో తీయగలిగేది ఉంటే

అల్ట్రాసౌండ్ మంచం దగ్గరికే తెప్పించండి. పొట్టలో విడిగా నీరుంటే, రక్తం గానీ చీము గానీ గూడుకట్టి ఉంటే, సన్నని డ్రైన్ వేసి తీయడం పొట్ట కోయడం కంటే చాలా తేలిక. నాలుగు గంటల్లో లీటరుకు పైగా నీరు వచ్చి, ప్రెషర్ తొమ్మిది మిల్లీమీటర్లకు మించి దిగితే ఆ దారి ఫలించిందని చెప్పవచ్చు. అలా దిగకపోతే డ్రైన్‌ను చూస్తూ పొద్దు పుచ్చకండి. లివర్ జబ్బులో ఎక్కువ నీరు తీస్తే ఆల్బుమిన్ ఎక్కించాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, సూది గుచ్చితే రక్తం ఆగకపోవచ్చు. అందుకే అక్కడ ప్రాణం మీదికి వస్తే తప్ప, పెద్ద డాక్టర్లు పక్కన లేకుండా ట్యాపింగ్ వద్దు.

పొట్ట తెరవాల్సి వస్తే

ఇరవైకి పైన నిలబడింది, అవయవాలు దెబ్బతింటున్నాయి, పై పనులన్నీ చేసినా అంకె దిగట్లేదు. ఇక సర్జన్ పొట్టను మధ్యగా నిలువునా తెరుస్తారు. చాలా జబ్బుగా ఉన్న మనిషికి పొట్ట కోయడమేమిటని అందరికీ భయం. ఆ భయంతో వాయిదా వేసినకొద్దీ చచ్చుబడ్డ పేగు పెరుగుతుంది. తెరిచినా దాదాపు సగం మంది దక్కరు. ఈ సంగతి ఇంటివాళ్ళకు ముందే చెప్పాలి, దాచకండి. వాళ్ళ భాషలో చెప్పండి: "లోపల వాపుతో పొట్ట బిగిసిపోయి కిడ్నీలకు, ఊపిరికి చోటు లేకుండా చేస్తోందమ్మా. తెరిచి కొన్నాళ్ళు అలాగే ఉంచాలి, వాపు తగ్గాక మళ్ళీ మూస్తారు." పొట్ట తెరిచి ఉంటుందన్న మాట ముందు వినకపోతే, ఐసీయూ అద్దంలోంచి చూసినప్పుడు వాళ్ళ గుండె ఆగినంత పనవుతుంది.

తెరిచిన నిమిషంలో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అంతవరకు నలిగి ఉన్న భాగాల్లోంచి ఆమ్లం, పొటాషియం రక్తంలోకి కొట్టుకొస్తాయి. రక్తం, నార్‌అడ్రినలిన్, కాల్షియం ముందే చేతికందేలా పెట్టుకోండి.

తర్వాత గోడను బలవంతంగా మూయరు. పేగుల మీద చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ షీట్ పరిచి, పైన సక్షన్‌తో లాగే డ్రెస్సింగ్ వేస్తారు. ఆ సదుపాయం లేనిచోట సెలైన్ సంచిని స్టెరైల్‌గా కత్తిరించి అంచులకు కుట్టేస్తారు. 1984లో కొలంబియా రాజధాని బొగొటాలో బొర్రాయెజ్ అనే యువ సర్జన్ ఈ ఉపాయం చేశాడు, అందుకే దానికి బొగొటా బ్యాగ్ అని పేరు. ఇప్పటికీ పనికొస్తోంది. ఏది వాడినా పేగు మీద నేరుగా గాజ్ గుడ్డ గానీ స్పాంజి గానీ తగలకూడదు, తగిలితే పేగుకు చిల్లు పడుతుంది. తెరిచిన పొట్టలో పడే చిల్లును మాన్పడం చాలా కష్టం.

నర్సింగ్‌లో మరచిపోయేది ఒకటుంది. పొట్ట తెరిచి ఉన్నా ప్రెషర్ కొలవడం మానకూడదు. డ్రెస్సింగ్ కింద మళ్ళీ బిగుసుకునే అవకాశం ఉంది. డ్రెస్సింగ్ ద్వారా పోయే ద్రవాన్ని లెక్కకట్టండి, అందులో మాంసకృత్తులు చాలా పోతాయి, ఆ మేరకు ఆహారంలో పెంచాలి. సాధారణంగా ఒకటి రెండు రోజులకోసారి థియేటర్‌కు తీసుకెళ్ళి చూస్తారు. వారంలోపే మూయగలిగితే మంచిది, ఆలస్యమైనకొద్దీ గోడలు పక్కలకు ముడుచుకుపోతాయి.

మీ దగ్గర సర్జన్ లేకపోతే

రిఫర్ చేసే ఆసుపత్రికి ఫోన్‌లో "పొట్ట ఉబ్బింది" అని మాత్రమే చెబితే అవతల ఎవరూ తొందరపడరు. జబ్బు పేరు, ఎన్ని గంటల్లో ఎన్ని లీటర్లు ఎక్కింది, చివరి మూడు పొట్ట ప్రెషర్ అంకెలు మిల్లీమీటర్లలో, వాటి టైములు, గంటకు మూత్రం ఎంత, నార్‌అడ్రినలిన్ డోసు ఎంత, ఇంతవరకు ఏం చేశారు, ఈ వరుసలో చెప్పండి. అంబులెన్స్‌లో రైల్స్ ట్యూబ్ మూత తీసే ఉంచండి. బయల్దేరేముందు నొప్పికి మందు ఇవ్వండి. డ్రిప్ దారిలో జోరుగా పోకుండా రోలర్ బిగించి, ఎంత పోవాలో సీసా మీద ప్లాస్టర్ అంటించి రాయండి. తుంటి దగ్గర పెట్టిన మార్కర్ గుర్తును స్పిరిట్‌తో తుడిచెయ్యకండి. అవతలివాళ్ళు అక్కడే సున్నా పెట్టి కొలుస్తారు.